బాలవాడి కరపత్రానికి అంచు నేసిన సంగతి

పుస్తకం అచ్చు వేసినవాడి పని బీరువాలో ఉంటుంది. పెళ్ళిపత్రిక అచ్చు వేసినవాడి పని కొన్నేళ్ళయినా ఏదో ఒక ఇంటి దూలానికి చెక్కి ఉంటుంది. కరపత్రం కూర్చినవాడి పని మాత్రం మర్నాటికి బెల్లం పొట్లం అవుతుంది. పోయిన నెల నా రేకుపెట్టె మొత్తం బోర్లించి వెతికాను. కరీంనగర్‌లో ఒకే అచ్చుకూడంలో ఇరవై ఏళ్ళు కరపత్రాలు కూర్చిన మనిషిని నేను. పెట్టెలో ఒక్క కరపత్రం దొరకలేదు. దొరికినవి గ్రంథాలయం చందా రసీదులు, ఒక కట్ట పోస్టుకార్డులు, గోరంత సీసపు నక్షత్రం.

కాగితం ఎలాగూ మిగలలేదు, దాని వల్ల నేర్చుకున్నదైనా మిగలాలని ఇది రాస్తున్నాను. చదవాల్సింది అచ్చుపనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు. మిషన్లు ఎలా తిప్పాలో, సిరా ఎంత పొయ్యాలో మీకు మీ మేస్త్రీలు చెబుతారు. ఒక వీధిలో పిల్లల్ని బడికి పిలవడానికి చేసిన కాగితం గురించి చెప్పేవాళ్ళు ఉండరు. అందులో నేను చేసిన తప్పులు రెండు. ఒకటి ఆ వీధినే భయపెట్టింది. రెండోదాని సంగతి చివరికి మీకే తెలుస్తుంది.

నా చదువు

నాకు బడి చదువు నాలుగో తరగతి వరకే, అదీ ఉర్దూలో. తెలుగు అక్షరాలు మా బాపు నేర్పాడు. తెలుగు మాత్రం గ్రంథాలయమే నేర్పింది. ప్రెస్సు మూయగానే వేళ్ళకంటిన సిరా కిరసనాయిలుతో తుడుచుకుని తిన్నగా అక్కడికే పోయేవాణ్ణి. పోవడానికి నాకు వేరే చోటు లేదన్నది కూడా నిజమే. అవ్వ, బాపు పోయాక అద్దె గదిలో ఒక్కణ్ణే మిగిలాను. నా పెళ్ళి గురించి మాట్లాడేవాళ్ళు లేక ఆ మాట వాయిదా పడుతూ వచ్చి చివరికి ఆగిపోయింది. గ్రంథాలయంలో పదిమంది మధ్య కూర్చుని ఎవరితోనూ మాట్లాడకుండా ఉండవచ్చు. అక్కడ అదే మర్యాద.

గ్రంథపాలకుడు నర్సింహాచారి ఏది చేతికిస్తే అది చదివాను. నక్షత్రాల గురించి, పశువుల రోగాల గురించి, కాగితం తయారీ గురించి. ప్రకటనల మీద ఒక పుస్తకం కూడా చదివాను. నవ్వే పసిపిల్ల బొమ్మ కనిపిస్తే ఎంతటివాడి చూపైనా ఆగి తీరుతుందని అందులో ఉంది. ఆ ముక్కను నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను. పుస్తకంలో ఉన్నదంతా అన్ని ఊళ్ళకూ వర్తిస్తుందని అప్పుడు నమ్మేవాణ్ణి.

ఖాదర్ సాబ్ నియమం

మా యజమాని ఖాదర్ సాబ్. నిజాం కాలంలో ఉర్దూ పని చేసిన అచ్చుకూడం ఆయనది. పోలీసు చర్య తర్వాత తెలుగు అక్షరాలు తెప్పించాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు. అయినా ప్రూఫును తలకిందులుగా పట్టుకుని చూసి ఎక్కడ బరువెక్కువైందో, ఎక్కడ బోసిపోయిందో చెప్పేవాడు. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. కోపిష్టి. వచ్చినవాళ్ళ ముందే మమ్మల్ని తిట్టేవాడు. తన తప్పు ఎన్నడూ ఒప్పుకోలేదు. ఆ గుణం యజమానికి అవసరమని కొందరంటారు కానీ నేను అనను.

ఆయన నాకు పెట్టిన నియమం ఒకటుంది.

"ఏమయ్యా లింగం, కాగితం మిషన్ దిగంగనె నీ పని అయిపోయిందనుకుంటున్నవా? పంచిన తెల్లారి దాని ఎన్క నడిచి చూడు. ఎక్కడ పడ్డదో, ఎవల చేతిల ఉన్నదో చూడు."

"పొట్లం కడితే ఏమనుకోవాలె సాబ్?"

"కాగితం మంచిగున్నదనుకో. మడిచి జేబుల పెట్టుకుంటె గప్పుడు నీ పని మంచిగున్నట్టు."

ఇరవై ఏళ్ళు ఈ నియమం పాటించాను. మీరు పాటిస్తే మీకు చాలామంది యజమానుల కన్నా ఎక్కువ తెలుస్తుంది. కాకపోతే మీ పని మట్టిలో కాళ్ళ కింద పడి ఉండటం రోజూ చూడాల్సి వస్తుంది. దానికి గుండె గట్టి చేసుకోండి.

చాప పరిచి కూర్చున్న మనిషి

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, వానాకాలంలో, ఒకామె ఒంటరిగా మా ప్రెస్సు మెట్లెక్కింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు అచ్చుకూడానికి రావడం అరుదు. పేరు శాంతాబాయి. ఆదిలాబాద్ వైపు ఇచ్చోడ మనిషి. ముప్పై దాటి ఉంటుంది. ఊళ్ళో ఒక మహిళా మండలి వాళ్ళు సాలెవాడలో పసిపిల్లలకు బాలవాడి తెరిచి ఆమెను పెట్టారు.

"పిల్లల బడికి కాగితమెందుకు బాయీ? డప్పు కొట్టియ్యరాదు?" అన్నాడు ఖాదర్ సాబ్.

"కొట్టించినం సాబ్. డప్పు ఇనంగనె పన్ను వసూలుకొచ్చిన్రని మగ్గాలాపి తలుపులేసుకున్నరు."

ఖాదర్ సాబ్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. నా వైపు తిరిగి విషయం చెప్పింది.

"మూడు నెలల సంది రోజు పొద్దుగాల చాప పరిచి కూసుంటున్న దాదా. ముగ్గురొస్తరు. ఒకోనాడు ఆ ముగ్గురు గూడ రారు. దసరా లోపల పదిహేను మంది కాకుంటె మూసేస్తమన్నరు."

"మూస్తే మీరు?"

"ఇచ్చోడకు, మా అన్న ఇంటికి. మా వదిన ఎదురుచూస్తున్నది. పొయ్యి దగ్గర మనిషి కావాలె గద ఆమెకు."

దాదా అంటే వాళ్ళ వైపు అన్న అని. నన్ను అంతకు ముందు ఎవరూ అలా పిలవలేదు. మంచి కాగితం చేసిపెడతానని మాటిచ్చాను.

రంపంతో కోసిన బొమ్మ

మా అచ్చుకూడంలో పసిపిల్ల ఉన్న చెక్కబ్లాకు ఒకటే ఉంది. కొన్నేళ్ళ క్రితం అమ్మవారు సోకినప్పుడు టీకాల ప్రకటన కోసం చెక్కించింది. ఒక పక్క టీకాలు వేసే మనిషి, మరో పక్క చెయ్యి చాచిన బొద్దుపిల్ల. ఆ పిల్ల ముఖంలో నవ్వు చక్కగా కుదిరింది. నేను రంపంతో టీకాల మనిషిని కోసేశాను. పిల్ల, చాచిన చెయ్యి, నవ్వు మిగిలాయి. రమ్మని చెయ్యి చాచినట్టే ఉంది. ఎర్ర సిరాతో బొమ్మ, కింద పెద్ద అక్షరాలతో పిల్లల్ని బాలవాడికి పంపమన్న మాట. ఖాదర్ సాబ్ తలకిందులుగా చూసి తల ఊపాడు. నోటుపుస్తకంలో రాసుకున్న ముక్క నిజమైందని మురిసిపోయాను.

కాగితాలు పంచిన మర్నాడు సాలెవాడలో నడిచాను. నేల మీద ఒక్కటీ లేదు. ప్రతి ఇంటి ద్వారబంధానికీ నా కరపత్రం గంజితో అంటించి ఉంది. బొమ్మకు పసుపు, కుంకుమ పెట్టారు. పైన వేపరెమ్మ గుచ్చారు. జేబులో పెట్టుకోవడం కాదు, ఏకంగా పూజ చేశారు. ఇరవై ఏళ్ళలో నా పనికి అంత గౌరవం మళ్ళీ దక్కలేదు.

ఆ సంతోషంతో బాలవాడికి పరుగెత్తాను. శాంతాబాయి చాప మీద ఒక్కతే కూర్చుని ఉంది. అంతకు ముందు వచ్చే ముగ్గురు కూడా ఆ రోజు రాలేదు.

తిరుగుదారిలో ఒక ఇంటి ముందు నూలు కండెలు చుడుతున్న నర్సవ్వ అనే ఆమెను అడిగాను. ఆమె చిన్నపిల్లను పాత చీరముక్కతో గుంజకు కట్టి ఉంచింది, మగ్గం గుంటలో పడకుండా.

"పిల్లను బాలవాడికి తోలలేదా అవ్వా?"

"టీకాలేపిచ్చుటానికా?"

"టీకాలెవరన్నరు?"

"ఎవలనుడేంది? గా పిల్ల చెయ్యి చాపి లేదా? పోయినసారి గిదే పిల్ల బొమ్మ అంటించిన్రు, తెల్లారి సూదులు పట్టుకోని దిగిన్రు. మా పెద్దదానికి చెయ్యి బూరె లెక్క ఉబ్బి వారం జరమొచ్చింది. సగం వాడ పిల్లలను పొద్దుగాలనె సుట్టాలిండ్లకు తోలిన్రు. తల్లికి కోపం రావద్దని పసుపు వెట్టినం, సూదికి దొరకొద్దని పిల్లలను దాసినం."

మనిషిని కోసేస్తే బొమ్మ మారిపోతుందనుకున్నాను. ఆ వాడలో అక్షరం రానివాళ్ళు ఒకసారి చూసిన బొమ్మను మరచిపోరని, అక్షరం వచ్చిన నాకు తెలియలేదు. చదువురానివాళ్ళు కాగితం చదవరని అనుకోకండి. మీ కన్నా జాగ్రత్తగా చదువుతారు.

ఇదంతా శాంతాబాయికి నేనే చెప్పాలి. రెండు రోజులు చెప్పలేకపోయాను. మూడోనాడు పోయి, బ్లాకు ఎక్కడిదో, ఎలా కోశానో మొత్తం చెప్పాను. ఆమె కాసేపు చాప అంచు సవరించింది.

"నువ్వు పిల్ల నవ్వు జూసినవ్ దాదా. వాళ్ళు చెయ్యి జూసిన్రు," అంది. దసరాకు మూడు వారాలు మిగిలాయి.

రెండో కాగితం

రెండోసారి ముందుగా పుస్తకాల దగ్గరికి పోలేదు. సాలెవాడలో నాలుగు సాయంత్రాలు ఊరికే తిరిగాను. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ కూర్చోమనలేదు. మగ్గాల చప్పుడులో ఇంటిల్లిపాదీ ఒకచోట పనిచేస్తుంటే బయట నిలబడి చూడటం తేలిక పని కాదు. గది గుర్తొచ్చేది.

నాలుగోనాడు నర్సవ్వ మాట్లాడుతూనే నా భుజం మీది తువ్వాల కొస పట్టుకుని బొటనవేలితో రుద్దింది.

"గిది మా వాడల నేసింది కాదు," అని వదిలేసింది.

అప్పుడు గమనించాను. ఆ వాడలో ఎవరు ఎదురుపడినా ముందు బట్ట అంచు చూస్తారు, తర్వాతే ముఖం. ప్రెస్సుకు వచ్చి బొమ్మ లేకుండా కరపత్రం కూర్చాను. అక్షరాల చుట్టూ సీసపు పూల అచ్చులతో చీర అంచులా రెండు పూలు, ఒక ఆకు, మళ్ళీ రెండు పూలు.

మధ్యలో మాటలు శాంతాబాయితో కూర్చుని రాశాను. టీకాలు వెయ్యరు అని మొదటి వాక్యం పెట్టాను. ఆమె కొట్టేసింది.

"ఆ పేరే తియ్యకు దాదా. లేదు లేదు అంటె ఉన్నదనే అనుకుంటరు."

చివరికి నిలిచింది ఇంతే. మీరు మగ్గం మీద ఉన్నంతసేపు మీ పిల్ల నా కళ్ళ ముందు ఉంటుంది. తలుపులు తెరిచే ఉంటాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి చూసుకోండి. కింద ఆమె పేరు.

అంచు పూర్తి కావడానికి నలభై ఎనిమిది పూలు కావాలి. పెట్టెలో నలభై ఏడే ఉన్నాయి. అచ్చుకూడాల్లో ఇది రోజూ ఉండే కొరత. మీకూ ఎదురవుతుంది. కింద కుడి మూలన, పువ్వు ఉండాల్సిన చోట, ఒక నక్షత్రం పెట్టి సరిపెట్టాను.

"సాబ్, ఒకటి తక్కువ పడ్డది," అన్నాను.

ఖాదర్ సాబ్ తలకిందులుగా చూశాడు. అప్పుడు ఆ మూల పైకొచ్చింది. "కనిపిస్తున్నది. గాని ఎవడు చూస్తడు? తిప్పు మిషన్," అన్నాడు.

మర్నాడు వాడలో మొదటి ఇంటి అరుగు మీదే గుంపు కనిపించింది. మధ్యలో మల్లేశం అనే ముసలి నేతగాడు కరపత్రాన్ని వెలుతురుకు పట్టి అంచు మీద గోరు నడిపిస్తున్నాడు. పక్కన మనుమరాలు ఆయన వేలు పట్టుకుని ఉంది. ఆ కాగితం కూర్చింది నేనేనని వాళ్ళకు తెలియదు. ఒక పక్కన నిలబడ్డాను.

"రెండు పూలు, ఒక ఆకు. రెండు పూలు, ఒక ఆకు. గీడికొచ్చి ఏమొచ్చిందిరా వీనికి?"

"నిద్దరొచ్చింది మామా," అన్నాడు గుంపులో ఒకడు.

"గీ అంచు ఎవడు నేసిండో గాని, నా దగ్గర గిట్ల నేస్తే మగ్గం దించి ఎల్లగొడుదు."

"కల్లు తాగి నేసిండు."

"తాగినోడు గూడ మూలకొచ్చినంక గిట్ల తప్పడు. వీనికి పూలు ఒడ్సిపోయినయి. ఒడ్సిపోయినప్పుడు పోయి అడగాలె గని, గిదేంది చుక్క?"

ఆయన చూడగానే పట్టేశాడు. ఇంతలో ఆయన నా వైపు చూసి, "బిడ్డా, నీకు చదువొచ్చినట్టున్నది. నడుమల ఏం రాసిన్రు?" అన్నాడు.

చదివాను. కళ్ళ ముందు ఉంటుంది అన్న చోట ఎవరో ఆడమనిషి మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

"గీ పంతులమ్మకెవలో నాసిరకం అంచు అంటగట్టిన్రు. పాపం, మందికి పంచుకున్నది. చెప్పొద్దా?" అంటూ మల్లేశం లేచాడు. కరపత్రం పట్టుకుని బాలవాడికి నడిచాడు. మనుమరాలు వేలు వదలకుండా వెంట నడిచింది. గుంపులో సగం మంది, చంకల్లో పిల్లలతో, ఈ పంచాయితీ ఎలా తేలుతుందో చూడటానికి వెనకే కదిలారు.

శాంతాబాయి గుమ్మంలో నిలబడి ఆయన చెప్పిందంతా విన్నది. ఆయన గోరు ఆగిన చోట చూసింది. తర్వాత గుంపు వెనక ఉన్న నన్ను చూసింది.

"తప్పే బాబా," అంది. "నేసినాయనకు చెప్త. మీరు జర లోపటికొచ్చి కూసోండ్రి, ఇంకేమేం తప్పున్నయో చూపెట్టుండ్రి."

ఆయన లోపలికెళ్ళి కూర్చున్నాడు. మనుమరాలు చాప మీద మట్టి గుర్రం దగ్గర కూర్చుంది. ఇంటికి పోదామని ఆయన లేస్తే అది లేవలేదు. మర్నాడు నర్సవ్వ చిన్నపిల్లను గుంజ నుంచి విప్పి తీసుకొచ్చింది. దసరాకు ముందే పదిహేను దాటి, ఇంకో చాప అడిగి తెచ్చుకోవాల్సి వచ్చింది.

లక్సెట్టిపేట

బాలవాడి నిలిచింది. అది చూసి మండలి వాళ్ళు, ఈమె అయితే ఎక్కడైనా నడపగలదని, మరుసటి జూన్‌లో లక్సెట్టిపేటలో ఇంకొకటి తెరవడానికి శాంతాబాయిని పంపారు. సాలెవాడకు వేరే పంతులమ్మ వచ్చింది. నేను ఇదంతా ముందే ఊహించి ఉండాల్సింది, ఊహించలేదు.

బస్సు దగ్గరికి పోయాను. ఆమె దగ్గర ఒక పెట్టె, చుట్టిన చాప.

"అక్కడికి గూడ అంచు నువ్వే నెయ్యాలె దాదా."

"ఈసారి పూలు తెప్పిస్త. తప్పు పడది."

"ఆ చుక్క ఉండనియ్యి," అంది.

నాకు ఇంకేదో చెప్పాలని ఉండింది. ఏడాది పొడుగునా దాదా అని పిలిచిన మనిషికి అది ఎలా చెప్పాలో ఏ పుస్తకంలోనూ చదవలేదు. బస్సు కదిలింది. గ్రంథాలయానికి పోయాను.

ఆ తర్వాత పదేళ్ళు, ఏటా జూన్‌కు ముందు, లక్సెట్టిపేట బాలవాడికి కరపత్రం కూర్చి బస్సులో పంపాను. పెట్టె నిండా పూలు వచ్చాయి. అయినా కింద కుడి మూలన నక్షత్రమే పెట్టాను. అక్కడి రైతులెవరూ దాన్ని పట్టించుకోలేదు. వారం తర్వాత ఆమె దగ్గరి నుంచి పోస్టుకార్డు వచ్చేది. ఇంతమంది పిల్లలు చేరారు, గోదావరి ఇంకా నిండలేదు, ఆరోగ్యం జాగ్రత్త. చివర ఎప్పుడూ ఒకే మాట: చుక్క చూసిన. నేను ఏడాదికొకసారి పెట్టేవాణ్ణి, ఆమె ఏడాదికొకసారి చూసేది. మా పరిచయం అంతే. ఒక్కసారైనా పోయి చూడవచ్చు కదా అని మీరడగవచ్చు. బస్సులు ఉన్నాయి. ఏం పని మీద వచ్చావని అడిగితే చెప్పడానికి నా దగ్గర పని లేదు.

పోయిన ఏడు జూన్‌లో పోస్టుకార్డు వచ్చింది. గుండ్రటి కొత్త దస్తూరి. కరపత్రాలు అందినవి. అంచులో కింద కుడి మూలన పువ్వుకు బదులు నక్షత్రం తప్పుగా పడినది. దయచేసి సరిచేసి మరల పంపగలరు. కింద సంతకం, సరోజిని, ఉపాధ్యాయిని.

జవాబులో శాంతాబాయి గురించి అడిగాను. జ్వరంతో చలికాలంలోనే ఇచ్చోడకు వెళ్ళారని, సంక్రాంతి దాటాక చనిపోయారని ఆ అమ్మాయి రాసింది. నేను కూర్చిన ఆ ఏటి కాగితాన్ని చూడవలసిన మనిషి చూడలేదన్నమాట.

సరిచేశాను. పెట్టెలో పూలు కావాల్సినన్ని ఉన్నాయి. చట్రం విప్పి, నక్షత్రాన్ని తీసి, దాని చోట పువ్వు పెట్టి బిగించాను. అచ్చు చూస్తే అంచు నిండుగా, ఎక్కడా వంక లేకుండా ఉంది. నక్షత్రాన్ని జేబులో వేసుకున్నాను. కళ్ళు ఆనడం లేదని ఖాదర్ సాబ్‌కు చెప్పి ఆ ఏడే పని మానేశాను. కళ్ళు నిజంగానే ఆనడం లేదు.

కృతజ్ఞతలు

నాలుగో తరగతి వాణ్ణి చదువరిని చేసిన నర్సింహాచారి గారికి. తిడుతూనే నా పని వెనక నన్ను నడిపించిన ఖాదర్ సాబ్‌కు. పసుపు పెట్టిన బొమ్మ అసలు సంగతి చెప్పి, నా తువ్వాల కొస పట్టుకుని దారి చూపిన నర్సవ్వకు. అంచులో తప్పు పట్టుకుని, దాన్ని వాడ వాడంతా మోసుకెళ్ళిన మల్లేశానికి, ఆయన వేలు వదలని మనుమరాలికి. కాగితాన్ని మూలల దాకా చదివిన సరోజినికి. ఆ అమ్మాయి తన పని సరిగ్గా చేసింది, మీరూ అలాగే చూడండి.

శాంతాబాయికి, ఆ నక్షత్రాన్ని దిద్దమని పదేళ్ళలో ఒక్కసారి కూడా అడగనందుకు.